రొయ్యల ప్లాంట్ సంప్‌లో మీటర్ ఓకే అన్నా కళ్లు తిరగడం - సమాధానం

సంప్‌లోకి (వ్యర్థాలు చేరే గుంతలోకి) దిగేముందు మీరు గాలిని మీటర్‌తో మూత దగ్గరే చూసుంటారు, అదే కారణం. మీటర్ ఆక్సిజన్ 20.9 శాతం, అంటే మామూలు గాలిలో ఉన్నంత చూపించినా సగం నిచ్చెన దిగేసరికి కుర్రాడికి కళ్లు తిరిగాయన్నారు కదా, మన భీమవరం వైపు ప్లాంట్ల సంపుల్లో రొయ్యల తలకాయలు, పొట్టు కుళ్లితే వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్, అది గాలికంటే బరువు, అడుగునే కూర్చుంటుంది. ముందు ఆ అబ్బాయిని డాక్టర్‌కి చూపించండి.

1. పంపున్న మీటర్ గొట్టం దింపి పైన, మధ్యలో, అడుగున కొలవండి. చాలామంది తప్పేది ఇక్కడే, గొట్టం దింపగానే అంకె చూసి లాగేస్తారు, కింది గాలి మీటర్‌దాకా రావాలి కదండీ! గొట్టం ప్రతి అడుగు పొడవుకీ 2 సెకన్లు, ఆపైన సెన్సర్ నిలకడకి మాన్యువల్‌లో రాసినంతసేపు ప్రతిచోటా ఆగండి.

2. ముఖం మూత మీదకి వంచకుండా పొడుగు కర్రతో బురద కదిపి మళ్లీ కొలవండి, అసలు గ్యాస్ అప్పుడే లేస్తుంది.

3. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువున్నా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 10 పాళ్లు) లేదా ఎక్కువ చూపించినా ఎవరూ దిగొద్దు. బ్లోయర్ డక్ట్ (మంచి గాలి ఊదే ఫ్యాన్ గొట్టం) అడుగుదాకా వేసి మళ్లీ చూడండి. వాసన రావట్లేదు కదా అనుకోవద్దు, 100 పీపీఎం దగ్గర ముక్కే మొద్దుబారిపోతుంది.

4. దిగేవాడికి హార్నెస్ (ఒంటికి కట్టే బెల్టులు) వేసి, దాని తాడు పైన ట్రైపాడ్ వించ్‌కి (మూడు కాళ్ల స్టాండు మీద తాడు చుట్టే చక్రానికి) కట్టండి. పడిపోతే పైనుంచే లాగాలి, కాపాడదామని వెనకాల ఇంకొకర్ని మాత్రం దిగనివ్వకండి, ప్లీజ్.