గ్రనడాలో రెండు రోజులు: అల్హంబ్రా టికెట్, శాకాహారం

అమ్మానాన్నలతో స్పెయిన్‌లోని గ్రనడాలో రెండు రోజులుంటున్నాం, అల్హంబ్రా కోట ఎలా చూడాలి, శాకాహారులకి టపాస్‌లో (బార్లలో డ్రింక్‌తో ఇచ్చే చిరుతిళ్లలో) ఏం దొరుకుతుంది అని అడిగారు కదా.

ముందు టికెట్. ప్రయాణం ఖాయమైన రోజే ఆన్‌లైన్‌లో కొనేయండి, త్వరగా అయిపోతాయి. కోట లోపలి నస్రిద్ రాజభవనాలకి టికెట్ మీద కచ్చితమైన టైం ఉంటుంది, అది దాటితే లోపలికి పంపరు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: హెనెరలిఫె తోటల వైపు ప్రధాన ద్వారం నుంచి ఆ భవనాలకి పావుగంట నడక. పెద్దవాళ్లతో అయితే 40 నిమిషాలు ముందే ఉండండి. టికెట్ చేతిలో ఉంటే హుస్తిసియా గేటు నుంచి వెళ్లడం దగ్గర, సీ30 బస్సు అటే పోతుంది. అందరి అసలు పాస్‌పోర్టులూ పట్టుకెళ్లండి, జిరాక్సులు వద్దు.

తిండి విషయంలో జాగ్రత్త. ఇక్కడ బీరో కోలానో చెబితే చిన్న టపా ఉచితంగా వస్తుంది, కానీ ఏది పెట్టాలో సాధారణంగా బారు వాళ్ల ఇష్టం. 'వెజిటేరియన్' అంటే సరిపోదు, హామ్‌ని (పంది మాంసం) మాంసంగా లెక్కపెట్టనివాళ్లు ఉన్నారు. డ్రింక్ చెప్పేటప్పుడే 'సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో' అనండి: మాంసం, హామ్, చేప వద్దని. సల్మొరెహో చల్లటి టమాటా సూపే అయినా పైన హామ్, గుడ్డు చల్లుతారు. తోర్తియాలో, అంటే బంగాళాదుంప ఆమ్లెట్‌లో, గుడ్డు ఉంటుంది. నిశ్చింతగా అడగదగ్గది బెరెన్‌హేనాస్ కోన్ మియెల్, అంటే వేయించిన వంకాయ మీద చెరకు పాకం. చాలా బాగుంటుంది. నూనె పట్టింపు ఉంటే మాత్రం అడగండి, చేపలు వేయించిందే కావచ్చు.

రాత్రి వంట 8:30కి ముందు చాలాచోట్ల మొదలవదు. నాన్నగారికి త్వరగా తినే అలవాటైతే మధ్యాహ్నం 2 గంటలకి కడుపునిండా తినిపించండి.