రూమ్ 204లో మూడో మంచం ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ డేటాబేస్ (సైట్ సమాచారమంతా దాచే చోటు) చుట్టూనే తిరిగాయి. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి వీటికే జవాబులు రాస్తున్నాను.

*సార్, మారతహళ్లిలో మా బాబాయికి పీజీ హాస్టల్ ఉంది. 24 రూములు, 70 మంచాలు. అద్దెలు, అడ్వాన్సులు అన్నీ నోట్‌బుక్‌లోనే రాస్తారు. నేను వెబ్‌సైట్ చేసిపెడతానన్నాను. కోచింగ్‌లో మాకు మాంగోడీబీ అనే డేటాబేస్ నేర్పారు, అదే పెట్టమంటున్నారు. మా రూమ్‌మేట్ మైఎస్‌క్యూఎల్ అంటాడు. ఏది పెట్టాలి?*
(ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు)

పేర్లు కాసేపు పక్కన పెట్టి మీ బాబాయిగారి నోట్‌బుక్ తెరవండి. ఒక రోజంతా ఆయన పక్కన కూర్చుని, ఆయన అందులో ఏం వెతుకుతున్నారో రాసుకోండి. ఈ నెల అద్దె ఇంకా ఎవరు కట్టలేదు? 204లో మూడో మంచం ఎప్పుడు ఖాళీ అవుతుంది? ఖాళీ చేసి వెళ్తున్న అబ్బాయికి అడ్వాన్స్‌లో ఎంత తిరిగివ్వాలి? చూడండి, ఏ ప్రశ్న తీసుకున్నా మనిషినీ మంచాన్నీ డబ్బునీ కలిపే అడుగుతోంది. ఇలా ఒకదానితో ఒకటి ముడిపడిన సమాచారానికి రిలేషనల్ డేటాబేసే, అంటే సమాచారాన్ని టేబుళ్లుగా పెట్టి ఒకదానితో ఒకటి కలిపేదే, సరైనది. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ఆ పద్ధతిని ప్రతిపాదించారు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ అన్నీ ఆ దారిలో వచ్చినవే.

మాంగోలో చేయలేమని కాదు. ఒక్కో మనిషికి ఒక డాక్యుమెంట్, అందులోనే అతని మంచం, అతను కట్టిన అద్దెలు పెడతారు. మొదటి నెల బాగానే ఉంటుంది. రెండో నెల అతను 204 నుంచి 301కి మారతాడు, మధ్యలో పదిహేను రోజులకి అద్దె విడగొట్టాలి, పాత మంచంలోకి ఇంకొకరు వస్తారు. అప్పుడు మంచం వైపు నుంచి, తేదీల వైపు నుంచి అడగాల్సి వస్తుంది, క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) చాంతాడంత అవుతాయి. "మాంగోలో ట్రాన్సాక్షన్లు (మార్పులన్నీ కలిసి జరగాలి, లేదా ఏదీ జరగకూడదనే కట్టు) లేవు" అని కొందరు ఇప్పటికీ అంటుంటారు గానీ అది పాత మాట, 2018లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి ఒకటికంటే ఎక్కువ డాక్యుమెంట్లకు కలిపి ట్రాన్సాక్షన్ పెట్టుకోవచ్చు. వస్తువు వస్తువుకీ వివరాలు వేరుగా ఉండే షాపు కేటలాగ్ లాంటి చోట్ల, అంటే చీరకి అంచూ నేతా, మిక్సీకి వాట్లూ జార్లూ రాయాల్సిన చోట అది బాగా పనికొస్తుంది. మీ హాస్టల్ అలాంటిది కాదు.

మీ రూమ్‌మేట్ తప్పు చెప్పలేదు, మైఎస్‌క్యూఎల్‌తో కూడా ఈ పని హాయిగా జరుగుతుంది. నేనైతే పోస్ట్‌గ్రెస్ పెడతాను, దానికి కారణం ఆ మంచమే. సోమవారం ఉదయం మడివాళలో బస్సు దిగి ఇద్దరు కుర్రాళ్లు బ్యాగులతో వస్తారు. మీ బాబాయి ఆఫీసు కంప్యూటర్‌లో ఒకరిని ఎక్కిస్తున్నారు, వార్డెన్ ఫోన్‌లో ఇంకొకరిని. మీ కోడ్ ఇద్దరికీ "ఆ మంచం ఖాళీనా" అని ఒకే క్షణంలో అడుగుతుంది, ఇద్దరికీ "ఖాళీ" అనే జవాబు వస్తుంది, ఇద్దరికీ అదే మంచం రాసేస్తుంది. కోడ్‌లో ఎన్ని ఇఫ్‌లు పెట్టినా, అడగడానికీ రాయడానికీ మధ్య ఆ సందు ఉండనే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అని ఒకటుంది. ఒకే మంచానికి రెండు కేటాయింపుల తేదీలు ఒకదానిమీద ఒకటి పడకూడదని టేబుల్ మీదే రాసిపెట్టుకోవచ్చు. దీనికోసం బీట్రీ జిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ ఆన్ చేసి, వచ్చిన తేదీ, వెళ్లే తేదీ కలిపి డేట్ రేంజ్‌గా ఒకే కాలమ్‌లో పెట్టాలి. ఇక రెండో కుర్రాడిని ఎవరు ఎక్కించబోయినా డేటాబేసే ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. మీరు ఆ ఎర్రర్ పట్టుకుని "వేరే మంచం చూడండి" అని చూపిస్తే చాలు. ఇంత పెద్ద భారాన్ని ఒక్క లైను మోస్తుంటే దాన్ని వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకో రెండు ముక్కలు. అద్దె, అడ్వాన్స్ కాలమ్‌లు ఫ్లోట్‌లో పెట్టొద్దు, డెసిమల్ పెట్టండి, ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు. ఫోన్ నంబర్ టెక్స్ట్‌గానే ఉంచండి, దాన్ని కూడేదీ తీసేసేదీ ఏమీ ఉండదు కదా.

*సార్, మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్లందరి కోసం ఉగాదికి చిన్న సైట్ చేశాను, మైఎస్‌క్యూఎల్‌తో. తెలుగులో పేరు రాస్తే వరసగా ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. నెట్‌లో చూసి సెట్టింగ్ యూటీఎఫ్8కి మార్చాక తెలుగు వస్తోంది గానీ, ఎవరైనా ఎమోజీ పెడితే సేవ్ అవడం లేదు.*
(ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్)

ఇవి రెండు వేరు వేరు జబ్బులమ్మా. మైఎస్‌క్యూఎల్ 8.0కి ముందు వెర్షన్లలో, మనం ఏమీ చెప్పకపోతే టేబుల్ లాటిన్1 అనే పాత అక్షరాల పట్టీతో తయారయ్యేది. అందులో తెలుగు అక్షరానికి చోటే లేదు, అందుకే అక్షరం బదులు ప్రశ్నార్థకం రాసుకుంది. పాత పేర్లు తిరిగొస్తాయా లేదా అన్నది లోపలున్న బైట్లను చూపించే హెక్స్ ఫంక్షన్‌తో తెలుస్తుంది. 3ఎఫ్ 3ఎఫ్ అని వరసగా కనిపిస్తే అక్కడున్నవి నిజంగానే ప్రశ్నార్థకాలు, అసలు పేరు పోయినట్టే, మళ్లీ అడిగి రాయించుకోవాల్సిందే. ఈ0తో మొదలయ్యే ముక్కలు కనిపిస్తే అక్షరాలు క్షేమంగా ఉన్నాయి, తేడా కనెక్షన్ సెట్టింగ్‌లో ఉంది.

ఇక ఎమోజీ. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పిలిచేది పూర్తి యూటీఎఫ్8 కాదు, ఒక్కో అక్షరానికి మూడు బైట్ల వరకే ఇస్తుంది. మన తెలుగు అక్షరాలకి సరిగ్గా మూడు బైట్లే కావాలి కాబట్టి అవి దాటిపోయాయి, ఎమోజీలకి నాలుగు కావాలి. యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి, టేబుల్‌కీ కనెక్షన్‌కీ రెండింటికీ.

ఇదే సందర్భంలో ఒకటి చూపిస్తాను, తెలుగులో సైట్లు చేసేవాళ్లకి ఇది తెలిసి ఉండాలి. "శ్రీలక్ష్మి" అని రాయండి. మన కంటికి మూడే అక్షరాలు: శ్రీ, ల, క్ష్మి. డేటాబేస్ మాత్రం పొల్లు గుర్తునీ గుణింతపు గుర్తునీ విడివిడిగా లెక్కపెట్టి 11 అంటుంది, బైట్లయితే 33. వార్‌చార్ (టెక్స్ట్ కాలమ్ రకం) పక్కన మీరు రాసే అంకె ఆ 11 లాంటి లెక్కే. పేరుకి 20 చాలులే అనుకుంటే ఇంటిపేరుతో సహా రాసే పెద్దవాళ్ల పేర్లు పట్టవు. స్క్రీన్ మీద పేరు పొట్టిగా చూపించాలని కోడ్‌లో మధ్యకి కత్తిరించినా వత్తు తెగి "శ్రీలక్" దగ్గర ఆగిపోతుంది.

*మా మావయ్య బీటీఎం లేఅవుట్‌లో మెస్ నడుపుతారు. మెనూ, నెలవారీ కార్డులు పెట్టే చిన్న సైట్‌కి ఎస్‌క్యూలైట్ సరిపోతుందా?*

సరిపోతుంది. 2000లో మొదలైన ఎస్‌క్యూలైట్ ఈరోజు మీ జేబులో ఉన్న ఫోన్‌లోనూ ఉంది. డేటా అంతా ఒకే ఫైలు, వేరే సర్వర్ అక్కర్లేదు. చదివేవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు గానీ రాసేది ఒక్కసారికి ఒక్కరే, మెస్‌కి అది ఏ అడ్డూ కాదు. వాల్ మోడ్ అనే సెట్టింగ్ ఆన్ చేసుకోండి, రాస్తున్నప్పుడు చదివేవాళ్లు ఆగక్కర్లేదు. హోస్టింగ్ విషయంలో మాత్రం జాగ్రత్త, కొన్ని చోట్ల కోడ్ మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ డిస్క్ ఖాళీ అవుతుంది, దాంతోపాటు మీ ఫైలూ పోతుంది.

*సార్, ట్యూషన్ సెంటర్ ఫీజుల సైట్ చేశాను. 2,000 మంది పిల్లలు. ఒకటో తారీఖున జాబితా పేజీ తెరుచుకోవడానికి 12 సెకన్లు పడుతోంది, ఫోన్ల మీద ఫోన్లు, ఒకటే టెన్షన్. డేటాబేస్ మార్చేయాలా?*
(ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ)

మార్చొద్దు. 2,000 అనేది ఏ డేటాబేస్‌కీ లెక్కలోకి రాని సంఖ్య. క్వెరీ లాగ్ ఆన్ చేసి ఆ పేజీ ఒక్కసారి తెరవండి, ఎన్ని క్వెరీలు వెళ్లాయో చేత్తో లెక్కపెట్టండి. నా అంచనా 2,001. జాబితాకి ఒకటి, ఆ తర్వాత లూప్‌లో ఒక్కో పిల్లవాడి ఫీజుకి ఒక్కోటి. కూరగాయలకి వెళ్లి ఒక్కో టమాటాకి ఇంటికి తిరిగొచ్చినట్టు. రెండు టేబుళ్లను కలిపే జాయిన్ రాసి ఒక్క క్వెరీలో తెచ్చుకోండి.

అప్పటికీ నిదానంగా ఉంటే క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అని రాసి రన్ చేయండి. మైఎస్‌క్యూఎల్‌లో టైప్ అనే కాలమ్ కింద ఆల్ అని వస్తే టేబుల్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా చదువుతోందని అర్థం, వెతికే కాలమ్ మీద ఇండెక్స్ (పుస్తకం చివరి పదసూచిక లాంటిది) పెట్టాలి. పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి, ఫారిన్ కీ (ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌ని చూపే కాలమ్) పెట్టినంత మాత్రాన ఆ కాలమ్ మీద ఇండెక్స్ దానంతటదే రాదు, మనమే పెట్టాలి. మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే భాగమైన ఇన్నోడీబీ దాన్ని తనే పెట్టుకుంటుంది. అలాగని కనిపించిన ప్రతి కాలమ్ మీదా పెట్టకండి, కొత్త రో (వరస) రాసిన ప్రతిసారీ ఇండెక్స్‌లన్నీ మార్చుకోవాల్సి వస్తుంది.

*మేం రోజూ రాత్రి బ్యాకప్ తీస్తున్నాం. ఇంకేమైనా చేయాలా?*
(ఒక పాఠకురాలు, మహదేవపుర)

తిరిగి ఎక్కించి చూశారా? నేను కొన్నేళ్ల కిందట కోరమంగళలో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. రాత్రి రెండింటికి స్క్రిప్ట్ నడిచేది, పొద్దున్న ఫోల్డర్‌లో ఆ రోజు తారీఖుతో ఫైలు ఉండేది, అది చూసి నిశ్చింతగా ఉండేవాళ్లం. ఒక మధ్యాహ్నం మాలో ఒకతను వేర్ అనే షరతు రాయడం మరిచిపోయి డిలీట్ రన్ చేశాడు, ఇన్‌వాయిస్‌లన్నీ పోయాయి. ఫరవాలేదులే అని ఫోల్డర్ తెరిస్తే ఫైళ్లు వరసగా ఉన్నాయి, అన్నీ సున్నా బైట్లు. మూడు నెలల ముందు డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాం, స్క్రిప్ట్‌లో మార్చలేదు. బ్యాకప్ తీసే డంప్ కమాండ్ ఫెయిలైనా, దాని ఔట్‌పుట్ పడాల్సిన ఫైలు మాత్రం ఖాళీగా తయారవుతూ వచ్చింది. నాలుగు రోజులు మెయిళ్లూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ ముందేసుకుని టైప్ చేశాం. స్క్రిప్ట్ నేనే రాశాను కాబట్టి ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సహించలేదు.

అందుకని ఈ శనివారం నిన్నటి బ్యాకప్ ఫైలు తీసుకుని, సర్వర్‌తో సంబంధం లేని ఒక ల్యాప్‌టాప్‌లో ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించండి. ముఖ్యమైన టేబుళ్లలో వరసలు ఎన్నున్నాయో అక్కడా ఇక్కడా లెక్క చూడండి, చివరి రో తారీఖు కూడా చూడండి. మొత్తం ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాసుకోండి, అసలు సైట్ పడిపోయిన రోజున మీ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే. లెక్క సరిపోకపోతే ఏ కమాండ్‌తో బ్యాకప్ తీస్తున్నారో అలాగే రాసి పంపండి, వచ్చే నెలదాకా ఆగకుండా జవాబిస్తాను.