పాత బొమ్మ ఇంజిన్ల పుట్టింటి పేరు

అల్లుడూ,

రాయగడ నుంచి నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బరంపురం పాత సామాన్ల కొట్లో ఏడు ఇంజిన్లు ఒకే అట్టపెట్టెలో దొరకడం అదృష్టమే గానీ, లోపలి మెకానిజం ఎవరు చేశారో చెప్పమంటే ఎలా చెప్పేది? ఏడింటినీ పైనుంచే తీశావు. పైన కనబడేది చొక్కా. బోర్లా తిప్పి మళ్ళీ తియ్యి.

పర్లాకిమిడిలో నలభై ఏళ్ళు వాచీలు బాగుచేసినవాణ్ణి, డయల్ చూసి మెషీన్ ఎవరిదో చెప్పేవాణ్ణి నేను నమ్మను. మన హెచ్‌ఎంటీ వాచీలు 1961లో మొదలైంది జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతోనే. స్విస్ వాచీల్లో డయల్ మీద ఎన్ని పేర్లో, విప్పి చూస్తే చాలావాటిలో బ్యాలెన్స్ చక్రం దగ్గర ఈటా అనే మెషీన్ల కంపెనీ ముద్రే. బొమ్మ రైళ్ళూ అంతే. పెట్టె మీద ఉండేది అత్తింటి పేరు, పుట్టింటి పేరు అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. మన నౌపడా-గునుపురం చిన్న రైలు ఆవిరి ఇంజినుకైతే పక్కన పలక ఉండేది, ఎవరు చేశారో నిలబడి చదువుకునేవాళ్ళం. బొమ్మలకి ఆ సుఖం లేదు.

నేనే ఒకసారి బోల్తా పడ్డాను. అమెరికా కంపెనీ అట్లాస్ పెట్టెలో వచ్చిన బొమ్మ డీజిల్ ఇంజిను, అట్లాస్ అంటే జపాన్ కాటో చేసిందే అని ఎవరో అన్న మాట పట్టుకుని, అమెరికా నుంచి వస్తున్న కుర్రాడిచేత కాటో గేర్లు తెప్పించాను. ఒక్కటీ పట్టలేదు. వారం రోజులు తిట్టుకున్నాక డీజిల్ ట్యాంకు అడుగున మట్టి తుడిస్తే ఆస్ట్రియా అని బయటపడింది. 1970ల్లో అట్లాస్ పెద్ద సైజు డీజిళ్ళు చేసిచ్చింది ఆస్ట్రియా కంపెనీ రోకో, కాటో వచ్చింది 1980ల్లో. అందుకే ముందు తుడువు, తర్వాతే ఊహించు. తుడవడానికి పెట్రోలు వాడకు, ప్లాస్టిక్‌ని తినేస్తుంది. మొబైల్ రిపేరు వాళ్ళ దగ్గర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది, అది చాలు.

అక్షరాలు దొరక్కపోతే చట్రం పోత చూడు, తర్వాత గేర్లు చూడు, మోటారుని ఆఖరున చూడు. జనం ముందు మార్చేసేది మోటారునే. అసలు మోటారు తీసేసి సగామి, మషిమా లాంటి జపాన్ డబ్బా మోటార్లు పెట్టినవి బోలెడు, దాన్ని చూసి ఇంజినే జపాన్‌ది అనేస్తే అయిపోయినట్టే.

నీ రెండో ఫొటోలో బాడీ కింద ఒక ఇనుప రేకు అంచు కనిపించింది. మోటారు మీదుగా రెండు బోగీలకీ (పెట్టెలు కాదు, ఇంజిను కింద చక్రాలుండే బండ్లు) కరెంటు మోసే పొడుగాటి రేకు అయితే, అటూ ఇటూ బరువు చక్రాలు కూడా ఉంటే, అది అమెరికా కంపెనీ ఆథెర్న్‌ది కావచ్చు. ఇంకా పాతదైతే, 1950ల చివరివాటిలో, గేర్లే ఉండవు, రబ్బరు బ్యాండ్లు ఇరుసుల్ని తిప్పుతాయి. కానీ తొందరపడకు. లైఫ్-లైక్ అనే కంపెనీ వాళ్ళ ప్రోటో 2000 రకం ఇంజిన్లు ఆ ఆథెర్న్ పద్ధతినే అనుసరించాయి. తేడా పట్టే తేలిక దారి చెవి: ప్రోటో ఇరుసు గేర్లు వయసుకి చిట్లుతాయి, చక్రం తిరిగినప్పుడల్లా టక్ టక్ అంటుంది. దానికి ఆథెర్న్ గేర్లే వేసి నడిపేస్తారు చాలామంది.

మోటారు మొత్తం ఒకే బోగీలో కూర్చుని, పక్క బోగీ ఊరికే దొర్లుతుంటే టైకో, లిమా, హార్న్‌బీ కంపెనీల్లో ఒకదానిది అనుకో. గుండ్రంగా అప్పడంలా ఉండి, పక్కన వరుసగా గేర్లు ఉంటే లిమా గానీ, హార్న్‌బీ వాళ్ళ రింగ్‌ఫీల్డ్ మోటారు గానీ. చక్రాల అంచులు బాగా లోతుగా, అట్లకాడ అంచులా ఉంటే ఇటలీ రివరోసి వైపు చూడు, అమెరికాలో ఏహెచ్ఎం పెట్టెల్లో అమ్మారు. చట్రం నిలువునా రెండు ముక్కలై, మధ్య కరెంటు కలవకుండా ఉంటే హాంకాంగ్ కేడర్ పని. బ్రిటన్‌లో మొదట మెయిన్‌లైన్ పేరుతో, తర్వాత బాక్‌మన్ పేరుతో అమ్మారు, పుట్టిల్లు ఒకటే. ఇత్తడి ఇంజినైతే పెట్టె మీద పసిఫిక్ ఫాస్ట్ మెయిల్ అని ఉన్నా అది తెప్పించి అమ్మినవాళ్ళ పేరే. చేసింది జపాన్‌లో యునైటెడ్ గానీ, కొరియాలో సంహొంగ్‌సా గానీ అయి ఉండొచ్చు.

ఇంకా అనుమానం ఉంటే స్క్రూ విప్పి దాని మరల మందం వెర్నియర్ కాలిపర్‌లో పెట్టి కొలువు. సరిగ్గా రెండు మిల్లీమీటర్లు ఉంటే యూరప్ లేదా జపాన్ కొలత. 2.2 దగ్గరికి వస్తే అమెరికా 2-56 సైజు గానీ, ఇంగ్లండ్ 8 బీఏ సైజు గానీ. గేరుకి పళ్ళు లెక్కపెట్టి, రెండు కలిపి, బయటి వ్యాసాన్ని దాంతో భాగించు: 20 పళ్ళు, 8.8 మిల్లీమీటర్లు అంటే 0.4 మాడ్యూల్, పంటి సైజుకి కొలత అది. ఇక్కడో మెలిక, అమెరికా అంగుళాల లెక్కలో 64 పిచ్ అనే గేరు ఇదే లెక్కకి 0.397 వస్తుంది, చేతి కొలతలో రెండూ ఒకటే అనిపిస్తాయి. కాబట్టి గేరు ఒక్కదాన్నే చూసి దేశం తేల్చకు, స్క్రూతో కలిపి చూడు.

నాలుగోది, ఆ ఆకుపచ్చది, చట్రం వంగినట్టుంది. జింకు పోతలో సీసం కలిస్తే ఏళ్ళు గడిచాక ఉబ్బి పగులుతుంది, స్క్రూ తిప్పితే ముక్కలు చేతికొస్తాయి. గునుపురం దాకా బస్సులో వచ్చి అక్కడ రైలెక్కు, నా దగ్గరకి తీసుకురా. నేను చూసేదాకా దాన్ని మాత్రం విప్పకు.

మీ మావయ్య