గానుగలకు అప్పు పుడుతుంది, కాయలకు డబ్బెక్కడిది?

ప్రశ్న: మాది శ్రీ సత్యసాయి జిల్లా కదిరి దగ్గర పల్లె. ఆరెకరాల్లో వర్షాధారంగా వేరుశనగ వేస్తాం. మూడేళ్ల క్రితం ఇంటి వెనుక షెడ్డులో చెక్క గానుగ పెట్టి, నెలకు సుమారు 200 లీటర్ల నూనె తీస్తున్నాం. సగం ఇక్కడ తెలిసినవాళ్లకు, సగం బెంగళూరులోని బంధువుల ద్వారా అపార్ట్‌మెంట్ల వారికి లీటరు 320 రూపాయలకు అమ్ముతున్నాం. ఇప్పుడు బెంగళూరు దుకాణదారు ఒకరు నెలకు 1,000 లీటర్లు, పన్ను కాకుండా 260 రూపాయలకు తీసుకుంటామని, డబ్బు 60 రోజులకు ఇస్తామని అంటున్నారు. మరో రెండు గానుగలు, కాయ ఒలిచే యంత్రం, సీసాలు నింపే యంత్రం కలిపి 9 లక్షలు అవుతాయి. పిల్లవాడి చదువుకు దాచిన 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, కొంత బంగారం ఉన్నాయి. సొంత పంట కాబట్టి సరుకు ఖర్చు ఉండదని మా వారి ధైర్యం. డిపాజిట్ తీసి, బంగారం తాకట్టు పెట్టి మొదలుపెట్టవచ్చా?

జవాబు: మీ వారి ధైర్యం దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ లెక్క అంతా అక్కడే తప్పుతోంది. వాన బాగా కురిసిన ఏడాది ఎకరాకు 5 క్వింటాళ్ల చొప్పున వేసుకున్నా మీ ఆరెకరాలకు వచ్చేది 30 క్వింటాళ్ల కాయలు. క్వింటాలు కాయలు ఒలిస్తే సుమారు 70 కిలోల గింజలు, వాటిని చెక్క గానుగలో ఆడితే రమారమి 28 కిలోల నూనె, అంటే 30 లీటర్ల పైచిలుకు వస్తుంది. ఆ లెక్కన 1,000 లీటర్లకు నెలకు 33 క్వింటాళ్లు, ఏడాదికి 400 క్వింటాళ్లు కావాలి. మీ పొలం పంట మొత్తం ఒక్క నెలకు కూడా చాలదు. ఈ ఆర్డరు ఒప్పుకున్న రోజు నుంచి మీరు ప్రధానంగా వేరుశనగ కొనేవారు అవుతారు, పండించేవారు కాదు.

పైగా ఆ 30 క్వింటాళ్లు కూడా ఉచితం కావు. వాటిని మార్కెట్ యార్డులో అమ్మితే వచ్చే డబ్బును మీరు వదులుకుంటున్నారు. 2025–26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. యార్డు ధర దీనికి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ప్రస్తుతానికి దీనినే పట్టుకుందాం. క్వింటాలు కాయలు ఆడితే పశువులకు పెట్టే వేరుశనగ చెక్క 40 కిలోలు మిగులుతుంది. కిలో 35 రూపాయలకు పోతుందనుకుంటే 1,400 వెనక్కి వస్తుంది. మిగిలిన 5,863 రూపాయలను 30 లీటర్లకు పంచితే లీటరుకు 195. ఒలుపు, కరెంటు, సీసా, లేబులు, రవాణా కలిపి మరో 45 వేస్తే 240 రూపాయలు. మీ ఇద్దరి కూలి ఇందులో లేదు. నా దగ్గరకు వచ్చే కుటుంబ వ్యాపారాల లెక్కల్లో చాలావాటిలో ఈ ఒక్క వరుస కనిపించదు. ఇంటివాళ్ల శ్రమకు వెల కట్టడం మర్యాద కాదనుకుంటారేమో.

దుకాణదారు ఇచ్చే 260లో మీకు మిగిలేది లీటరుకు 20 రూపాయలు, నెలకు 20,000. ఇప్పుడు అమ్ముతున్న 320లో 5 శాతం జీఎస్టీ కింద 15 తీసేసినా లీటరుకు 65 మిగులుతుంది, 200 లీటర్లకు 13,000. అయిదు రెట్లు ఎక్కువ నూనె ఆడితే అదనంగా వచ్చేది ఒకటిన్నర రెట్లు మాత్రమే, అదీ వడ్డీకి ముందు. ఇక క్వింటాలు కాయల ధర 500 రూపాయలు పెరిగితే లీటరు ఖర్చు దాదాపు 17 పెరుగుతుంది, అప్పుడు మీ మిగులు 3 రూపాయలు. ఏడాది పొడవునా ఒకే ధర అని సంతకం చేయవద్దని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

యంత్రాల అప్పు గురించి అందరూ ఆలోచిస్తారు, కానీ సరుకులో ఇరుక్కునే డబ్బు గురించి ఆలోచించేవారు తక్కువ. కాయలు చౌకగా దొరికేది కోతల తర్వాత కొద్ది వారాలు. మూడు నెలల సరుకు, అంటే 100 క్వింటాళ్లు, అప్పుడే కొనిపెట్టుకోవాలంటే 7 లక్షల పైన కావాలి. 60 రోజుల అరువంటే 2,000 లీటర్ల ఖర్చు, 4 లక్షల 80 వేలు, ఎప్పుడూ దుకాణదారు దగ్గరే ఉంటుంది. రెండూ కలిపితే 12 లక్షలు, యంత్రాల ధర కన్నా ఎక్కువ. 11 శాతం వడ్డీ అనుకుంటే దీనికి నెలకు 11,000. యంత్రాల 9 లక్షల్లో పదో వంతు మీరు పెట్టుకుని మిగతా 8 లక్షల 10 వేలు అప్పు చేస్తే అయిదేళ్లకు నెల వాయిదా సుమారు 17,600. ఇరవై వేల మిగులు మీద 28,600 భారం పడుతుంది. ఈ షరతులతో ఈ ఆర్డరు తీసుకోవద్దు. నిల్వ పెట్టిన కాయల్లో తేమ సరిగా ఆరకపోతే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుందన్న భయం ఈ లెక్కకు బయట ఉంది.

అయితే తలుపు మూసేయనక్కరలేదు. పన్ను కాకుండా 280 రూపాయలు, 15 రోజుల్లో చెల్లింపు, యార్డు ధర మారితే నూనె ధర కూడా మారేలా షరతు కోరండి. దానికి ఒప్పుకుంటే మిగులు 40,000 అవుతుంది, ఇరుక్కునే డబ్బు 8 లక్షల 50 వేలకు తగ్గుతుంది, వాయిదా, వడ్డీ పోగా నెలకు 14,000 పైన మీ ఇద్దరి కూలిగా నిలుస్తుంది. మీరు చిన్న పరిశ్రమల నమోదుకు కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ పరిశ్రమ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి గడువు పెట్టకూడదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలి. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. ఈ మాట దుకాణదారుకు ముందే మర్యాదగా తెలియజేయండి, తర్వాత కేసు వేయడం కన్నా అది ఎంతో సులువు.

ఒప్పుకోకపోతే నా సలహా ఇంకో దారి: ఒక గానుగ, కాయ ఒలిచే యంత్రం మాత్రమే మూడున్నర లక్షలతో కొని, ఇప్పటి మీ పద్ధతిలోనే నేరుగా ఇళ్లకు అమ్మే నూనెను 450 లీటర్లకు పెంచండి. అదనపు 250 లీటర్ల మీద 16,000 వస్తుంది, వాయిదా 7,600 దగ్గర ఉంటుంది. వేగం తక్కువే, కానీ ధర మీ చేతిలో ఉంటుంది.

బెంగళూరు అమ్మకాల విషయంలో ఒక చిక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల వ్యాపారానికి జీఎస్టీ నమోదు ఏడాదికి 40 లక్షల టర్నోవరు (మొత్తం అమ్మకాలు) వరకు అవసరం లేదన్న మాట మీరు వినే ఉంటారు. రాష్ట్రం దాటించి అమ్మితే ఆ మినహాయింపు వర్తించదు, మొదటి లీటరు నుంచే నమోదు తప్పనిసరి. మీరు ఇప్పటికే అమ్ముతున్నారు కాబట్టి ఈ వారమే అకౌంటెంటును కలవండి. ఆహార భద్రతా సంస్థ నమోదు సంఖ్య సీసా మీద ఉందో లేదో కూడా చూసుకోండి.

అప్పు విషయానికొస్తే, ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం 2020లో మొదలైంది. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు రాయితీ ఇస్తుంది, మీ వాటా కనీసం 10 శాతం ఉండాలి. దాని గడువు 2025–26 వరకు పెట్టారు కాబట్టి కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా ఉద్యాన శాఖలోనో పరిశ్రమల కేంద్రంలోనో కనుక్కోండి. మంజూరైనా రాయితీ చేతికి రాదు. బ్యాంకులో విడిగా ఉండి, మీరు మూడేళ్లు సక్రమంగా కడితేనే అప్పుకు జమ అవుతుంది. అందుకే పైన వాయిదా లెక్కలో దాన్ని కలపలేదు. సూక్ష్మ పరిశ్రమకు మీ యంత్రాల అప్పులాంటి చిన్న రుణానికి బ్యాంకు ఆస్తి తాకట్టు అడగకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. కాబట్టి పొలం పత్రాలు తీసుకెళ్లనక్కరలేదు.

డిపాజిట్‌ను ముట్టుకోవద్దు. బంగారం మీద అప్పు యంత్రాలకు పనికిరాదు, ఎందుకంటే అది చాలావరకు ఏడాదిలోపు తీర్చవలసినది, యంత్రం మాత్రం తన ఖరీదు రాబట్టడానికి ఏళ్లు తీసుకుంటుంది. కోతల వేళ కాయలు కొని, నూనె అమ్మగానే తీర్చేసేందుకు అయితే బంగారం సరైన వనరే.

ఈ సీజనుకు గానుగ పేరిట బ్యాంకులో కరెంట్ అకౌంట్ (వ్యాపార ఖాతా) ఒకటి వేరుగా తెరిచి, పంట ఇంటికి వచ్చిన రోజు యార్డు ధరకు ఆ 30 క్వింటాళ్లను గానుగ మీ వారి దగ్గర కొన్నట్టు చెక్కు రాయండి. ఆ ధర వరకు వ్యవసాయ ఆదాయం, దానిపై నూనెలో వచ్చిన లాభం వ్యాపార ఆదాయం. పన్ను అధికారి అడిగినా, బ్యాంకు అడిగినా చూపించగలిగే మొదటి కాగితం అదే అవుతుంది.