పది పీపాల పెట్రోల్, ఒక డీజిల్ ఇంజిన్

ప్రశ్న: నేను ప్లంబింగ్ పనులు కాంట్రాక్టుకు తీసుకుంటాను. పైపులు, మోటార్లు, పనివాళ్లను ఎక్కించుకుని తిరగడానికి పికప్ ట్రక్కు కొనాలనుకుంటున్నాను. నచ్చిన మోడల్ పెట్రోల్‌లోనూ డీజిల్‌లోనూ దొరుకుతోంది. డీజిల్ బండి ధర బాగా ఎక్కువ. నెలకు సుమారు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాను. చాలావరకు ఊళ్లోనే, ఒక్కో ప్రయాణం ఐదారు కిలోమీటర్లు మించదు. నెలలో రెండు మూడు రోజులు మాత్రం పూర్తి బరువుతో దూరం వెళ్లాలి. ఐదేళ్ల అప్పు తీసుకుంటాను, బండిని ఏడేళ్లు ఉంచుకుంటాను. "మైలేజీలోనే తేడా అంతా వచ్చేస్తుంది, డీజిల్ తీసుకోండి" అంటున్నారు షోరూమ్‌లో. మా తమ్ముడేమో పెట్రోల్ చాలంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన మాట "నెలకు వెయ్యి కిలోమీటర్లు". ఇంజిన్ల గురించి అడిగేవాళ్లు హార్స్‌పవర్ రాస్తారు, టార్క్ రాస్తారు, ఒక్కోసారి బండి రంగు కూడా రాస్తారు. ఎంత తిరుగుతారో మాత్రం రాయరు. మీరు రాశారు కాబట్టి లెక్క వేయవచ్చు.

ముందు ఒక చిన్న పని చేయండి. రెండు బండ్ల ధరల మధ్య తేడాను మీ దగ్గరి లీటరు పెట్రోల్ ధరతో భాగించండి. వచ్చిన అంకె లీటర్లలో ఉంటుంది. నేను 2,000 లీటర్లు అనుకుంటాను. మీకు వేరే అంకె వస్తే దాన్ని పెట్టుకోండి, పద్ధతి మారదు. 2,000 లీటర్లంటే 200 లీటర్ల పీపాలు పది. వాటిని మీ ఇంటి ముందు వరుసగా నిలబెట్టినట్టు ఊహించుకోండి. డీజిల్ ఇంజిన్ కొనడమంటే ఈ పది పీపాల ఖరీదు ఈరోజే కట్టేసి, ఏడేళ్లలో ఒక్కో పీపా చొప్పున తిరిగి రాబట్టుకోవడం. షోరూమ్ వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, తేడా వస్తుంది. మీరు బండి అమ్మేలోపు వస్తుందా అన్నది వాళ్లు చెప్పలేదు.

సరుకు వేసుకుని తిరిగే పికప్‌కు పెట్రోల్‌లో లీటరుకు 9, డీజిల్‌లో 12 కిలోమీటర్లు వస్తాయనుకుందాం. మీరు ఏడాదికి తిరిగేది 12,000 కిలోమీటర్లు. పెట్రోల్ బండి 1,333 లీటర్లు తాగుతుంది, డీజిల్ బండి 1,000 లీటర్లు. రెండు ఇంధనాల ధర ఒకటే అయితే ఏడాదికి మిగిలేది 333 లీటర్లు, అంటే పీపాన్నర కంటే కొంచెం ఎక్కువ. పైకి చూస్తే ఆరేళ్లకు పది పీపాలూ తిరిగి వచ్చేసినట్టే ఉంటుంది.

ఇక్కడ మైలేజీ అంకెల గురించి ఒక మాట. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. లీటరుకు (వాళ్ల లెక్కలో గ్యాలనుకు) ఎంత దూరం అన్న అంకెను చూసి ఆదాను అంచనా వేయడంలో మనుషులు పొరబడతారని అందులో చూపించారు. మీరే వేసి చూడండి. 9 నుంచి 12కు పెరిగితే వంద కిలోమీటర్లకు 2.8 లీటర్లు మిగులుతాయి. 18 నుంచి 21కి పెరిగితే, అక్కడా పెరిగింది మూడు కిలోమీటర్లే అయినా, మిగిలేది 0.8 లీటరు. అందుకే ఎవరైనా "లీటరుకు మూడు కిలోమీటర్లు ఎక్కువ ఇస్తుంది" అంటే తల ఊపేయకండి. వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని అడగండి. మీది ఎక్కువ తాగే రకం బండి కాబట్టి ఈ విషయంలో డీజిల్‌కు నిజంగానే మంచి మార్కులు పడతాయి.

ఆ తేడా అంతా ఇంజిన్ గొప్పతనం కూడా కాదు. పెట్రోల్ కంటే డీజిల్ చిక్కన. లీటరుకు లీటరు చూస్తే అందులో శక్తి పది నుంచి పదిహేను శాతం దాకా ఎక్కువ. మిగతాది ఇంజిన్ తీరువల్ల వస్తుంది. డీజిల్ ఇంజిన్ గాలిని ఎక్కువగా నొక్కుతుంది, ఆ వేడికే ఇంధనం అంటుకుంటుంది. పెట్రోల్ ఇంజిన్‌లా నెమ్మదిగా పోయేటప్పుడు గాలి దారిని సగం మూసి ఊపిరి బిగబట్టాల్సిన అవసరం దానికి లేదు.

ఇక అప్పు సంగతి. పది పీపాల ఖరీదు మీ జేబులోంచి కాక బ్యాంకు నుంచి వస్తోంది. 10 శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పు తీసుకుంటే ప్రతి వందకూ అరవై వాయిదాల్లో 127 పైచిలుకు కడతారు. అంటే 2,000 లీటర్లు కాస్తా 2,550 లీటర్లవుతాయి. రెండున్నర పీపాలకు పైగా వడ్డీకే పోయాయి.

నిర్వహణ ఖర్చులోనూ కొంత తేడా ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌కు ఆయిల్ ఎక్కువ పడుతుంది, ఇంధనం ఫిల్టర్ జాగ్రత్తగా మార్చుతూ ఉండాలి. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి యూరియా ద్రావణం వాడే రకమైతే అదీ పోస్తూ ఉండాలి. ఇదంతా ఏడాదికి 60 లీటర్ల పెట్రోల్ ఖరీదు అనుకుంటే మీకు నికరంగా మిగిలేది 273 లీటర్లు. ఏడేళ్లకు 1,911.

డీజిల్‌కు న్యాయంగా దక్కాల్సింది ఒకటుంది. అమ్మేటప్పుడు డీజిల్ బండికి కొంత ఎక్కువ ధర వస్తుంది. మొదట పెట్టిన తేడాలో 30 శాతం, అంటే 600 లీటర్ల విలువ, వెనక్కి వస్తుందనుకుందాం. అప్పుడు మీరు రాబట్టుకోవాల్సింది 1,950 లీటర్లు, రాబట్టేది 1,911. ఏడేళ్లు బండి నడిపి, 84,000 కిలోమీటర్లు తిరిగి, చివరికి తేలేది 39 లీటర్ల నష్టం. ట్యాంకు కూడా నిండదు. మీరూ మీ తమ్ముడూ ఇన్నాళ్లు వాదించుకుంటున్నది ఈ 39 లీటర్ల మీద.

రెండు ఇంధనాల ధర ఒకటే అనుకున్నాం కదా, అది సర్దుకోవాల్సిన అంకె. పన్నులను బట్టి కొన్నిచోట్ల డీజిల్ చవక, కొన్నిచోట్ల ఖరీదు. డీజిల్ పది శాతం చవకైతే ఏడేళ్లలో మీరు మూడు పీపాలకు పైగా లాభపడతారు. పది శాతం ఖరీదైతే సుమారు నాలుగు పీపాలు నష్టపోతారు. ఇంధనం ధరలు ఏటా పెరుగుతూ పోతే మిగిలే ప్రతి లీటరు విలువా పెరుగుతుంది, అది డీజిల్‌కు కలిసొచ్చేదే. కానీ ప్రభుత్వాలు ఏ ఇంధనంపై ఎప్పుడు పన్ను మారుస్తాయో మీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. అలాంటి దానిమీద అప్పు తెచ్చి పందెం కాయమని నేను చెప్పను.

డబ్బు లెక్క ఇంత దగ్గరగా తేలినప్పుడు తీర్పు వేరేచోట ఉంటుంది. మీ విషయంలో అది "ఐదారు కిలోమీటర్లు మించదు" అన్న మాటలో ఉంది. ఇది నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను. చాలా ఏళ్ల క్రితం డీజిల్ కారు కొన్నాను. ఇంటి నుంచి ఆఫీసు నాలుగు కిలోమీటర్లు. కొన్ని నెలలకే డ్యాష్‌బోర్డులో నారింజ రంగు దీపం వెలిగింది. ఇప్పటి డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే లోపల వేడి 600 డిగ్రీల దరిదాపులకు చేరాలి. బండి వేగంగా, ఆగకుండా పావుగంటో ఇరవై నిమిషాలో పోతేనే అది జరుగుతుంది. నాలుగు కిలోమీటర్లకే తాళం తీసేస్తే పని సగంలో ఆగిపోతుంది. మెకానిక్ నా ముందే ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ బయటికి లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. ఆయిల్ పై గీత దాటి ఉంది. "వాసన చూడండి సార్" అన్నాడు. డీజిల్ వాసన. మసిని కాల్చడానికని ఇంజిన్ అదనంగా చిమ్మిన డీజిల్ కాలకుండా ఆయిల్‌లోకి దిగింది. ఆ తరువాత రెండేళ్లు ప్రతి ఆదివారం పొద్దున్నే లేచి ఎక్కడికీ కాని ప్రయాణం చేశాను. మైలేజీ కోసం కొన్న కారును మసి వదిలించడానికి హైవే మీద తిప్పేవాణ్ని. ఆ లీటర్లు ఏ పట్టికలోనూ కనబడవు.

ఇంకో చిక్కు, డీజిల్‌లో పెద్ద మరమ్మతు ఒక్కటి వస్తే పైన వేసిన లెక్కంతా తలకిందులవుతుంది. ఇప్పటి ఇంజెక్టర్లకు, అంటే ఇంధనాన్ని ఇంజిన్‌లోకి చిమ్మే గొట్టాలకు, డీజిల్‌ను రెండువేల బార్‌ల దరిదాపు ఒత్తిడితో పంపుతారు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి). కాస్త నీరు కలిసినా, పొరపాటున పెట్రోల్ పోసినా పంపు, ఇంజెక్టర్లు పాడవుతాయి. బండి మీరే నడిపితే సరే. పనివాళ్ల చేతికీ తాళం ఇస్తారు కదా, బంకులో ఏది పోయిస్తున్నారో ప్రతిసారీ మీరు చూడలేరు.

బరువు సంగతి అడగలేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. నిండా సరుకుతో ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ హాయిగా ఉంటుంది. దాని లాగే శక్తి నిమిషానికి రెండువేల చుట్ల దగ్గరే అందుతుంది. గాలిని అదనంగా లోపలికి నెట్టే టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌కు ఆ శక్తి ఇంకా పై చుట్లలో గానీ రాదు. గేరు దించాలి, చప్పుడు భరించాలి. నెలలో మూడు రోజులకు అది పెద్ద బాధ కాదు. అయితే లాగడం వేరు, మోయడం వేరు. మోసేవి కమాను పట్టీలు, ఇరుసులు, టైర్లు. బండి మొత్తం బరువుకు తయారీదారు ఒక హద్దు పెడతాడు. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేయగా మిగిలిందే మీరు ఎక్కించుకోదగిన సరుకూ మనుషులూ. డీజిల్ ఇంజిన్ లోపలి ఒత్తిడిని తట్టుకోవాలి కాబట్టి దాన్ని దిట్టంగా, బరువుగా తయారుచేస్తారు. హద్దు రెండింటికీ ఒకటే అయిన మోడళ్లలో డీజిల్ బండిలోనే తక్కువ సరుకు వేయాల్సి వస్తుంది! రెండు బండ్ల ఖాళీ బరువులు కాగితం మీద అడిగి తీసుకోండి.

కాబట్టి మీకు నేను చెప్పేది పెట్రోల్. మీ దగ్గర డీజిల్ బాగా చవకైతే తప్ప ఈ మాట మారదు. నెలకు పదిహేను వందల కిలోమీటర్లు దాటి, అందులో ఎక్కువ హైవే మీదే అయితే డీజిల్ తీసుకోమనేవాణ్ని. ఇవే అంకెలతో, నిర్వహణ ఖర్చు దూరంతోపాటే పెరుగుతుందనుకున్నా, ఆ దూరానికి డీజిల్ ఏడేళ్లలో నాలుగున్నర పీపాలు మిగులుస్తుంది.

పెట్రోల్ తీసుకున్నాక ఆ పది పీపాల డబ్బును మిగులు అనుకోకండి. అది మీరు తీసుకోని అప్పు. దాంతో బండికి అలంకారాలు కొంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. డీజిల్ బండికి కట్టగలననుకున్న వాయిదానే పెట్రోల్ బండికీ కట్టండి. ఉదాహరణకు పెట్రోల్ బండికి అప్పు 100, డీజిల్‌కు 120 అయ్యేదనుకుంటే, 120కి పడే వాయిదాను 100కి కడుతూ పోతే 10 శాతం వడ్డీ మీద ఐదేళ్ల అప్పు నాలుగేళ్లకే తీరిపోతుంది. ముందే కట్టేస్తే బ్యాంకు రుసుము వేస్తుందా అన్నది సంతకం పెట్టకముందే అడగండి.

ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. ఆ వెయ్యి కిలోమీటర్లు మీరు లెక్కపెట్టి రాశారా, ఉజ్జాయింపుగా రాశారా? ఇప్పుడున్న బండి మీటరు రీడింగును ఈరోజు ఒక కాగితం మీద రాసుకుని, వచ్చే నెల ఇదే తేదీన మళ్లీ చూడండి. బయానా ఆ తరువాత ఇవ్వవచ్చు.