పేవర్ బ్లాకుల వాలు ఇంటివైపు తిరిగితే కేసు నిలిచేది దేనిమీద?

ప్రశ్న: మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం. ఇంటి ముందు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న వాకిట్లో పేవర్ బ్లాకులు వేయించాం. 2024 ఏప్రిల్ 20న పని ముగిసింది, ఆరోజే మిగతా డబ్బంతా ఇచ్చేశాం. జూన్‌లో మొదటి వానకే నీళ్లు గేటువైపు పోకుండా ఇంటి గోడ పక్కన నిలిచాయి. కాంట్రాక్టరు మాకు మేనమామ వరస. ‘వస్తా, చూస్తా’ అంటూ రెండు వానాకాలాలు గడిపేశాడు. ఆ నీళ్లలో అమ్మ జారిపడింది, లోపలి గోడ పెచ్చులూడుతోంది. నమ్మినవాడే మోసం చేశాడు. పోలీసు కేసు పెట్టవచ్చా? వెనక ప్రహరీకి కన్నం పెట్టి పక్క ఖాళీ స్థలంలోకి పైపు వదిలేస్తే సరిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మేనమామ సంగతి పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో కేసును తేల్చేది 2024 ఏప్రిల్ 20 అన్న తేదీ. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. లోపం బయటపడింది జూన్‌లో కాబట్టి అప్పటినుంచి లెక్కించాలని వాదించవచ్చు. కానీ ఆ వాదన మీద ఆధారపడే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి? 2026 ఏప్రిల్ 19లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ‘వస్తా, చూస్తా’ అన్న నోటిమాటలతో గడువు పెరగదు, లాయరు నోటీసు ఇచ్చినా పెరగదు. ఆ తేదీ దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి కమిషన్‌ను ఒప్పించాలి. అది ఒప్పుకోకపోతే మిగిలేది మూడేళ్ల గడువున్న సివిల్ దావా, దానికి కోర్టు ఫీజు కూడా.

పోలీసు కేసు జోలికి పోకండి. పని సరిగ్గా చేయకపోవడం వేరు, మొదటినుంచీ ఎగ్గొట్టే ఉద్దేశంతో డబ్బు తీసుకోవడం వేరు. రెండోదాన్ని చూపించే ఆధారం మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు.

ఇక రుజువు. కాంట్రాక్టరు ఏమంటాడో ముందే చెప్పగలను: ‘అంత వాన పడితే ఎవరి వాకిట్లోనైనా నీళ్లు నిలుస్తాయి, ఇది ఫైలిన్ తుఫాను వచ్చిన ఊరు’ అంటాడు. నీళ్లు నిలిచిన ఫొటోలు ఎన్ని చూపినా ఈ మాటకు జవాబు రాదు. వాలు కొలత చూపితే వస్తుంది, వాలుకు వానతో పనిలేదు.

ఒక సివిల్ ఇంజినీరును పిలిపించండి. ఇంటి పునాది గోడమీద ఒక గీత గీసి, నీళ్లు నింపిన లెవెల్ పైపుతో అదే మట్టాన్ని గేటు స్తంభం మీద గుర్తుపెట్టించండి. రెండుచోట్లా ఆ గీతనుంచి బ్లాకుల పైభాగం దాకా టేపుతో కొలవాలి. గోడ దగ్గర 11 అంగుళాలు, గేటు దగ్గర 9 వచ్చిందనుకుందాం. అంటే గోడపక్కే 2 అంగుళాలు పల్లం. నిజానికి ఇలాంటి వాకిలికి పది అడుగులకు రెండంగుళాల చొప్పున వాలు ఉంటే నీరు చక్కగా పోతుంది. 40 అడుగులకు గేటువైపు 8 అంగుళాలు దిగాలి, కనీసం 5 అయినా. ప్రతి 5 అడుగులకూ కొలత తీసి, పటంలో వేసి, తేదీతో సంతకం చేయించండి. టేపు అంకెలు కనిపించేలా ఫొటోలు తీయండి. 50 మిల్లీమీటర్ల వాన పడితే మీ వాకిలి మీదే సుమారు 5,500 లీటర్ల నీరు చేరుతుంది, డాబా గొట్టం నీళ్లు అదనం. ఆ గొట్టం ఎక్కడ పడుతోందో కూడా రాయించండి. మీరే దాన్ని గోడపక్కన వదిలి ఉంటే అవతలి లాయరు వదలడు.

రెండు మూడు బ్లాకులు లేపి కింద ఇసుక మందం చూడండి. 30–40 మిల్లీమీటర్లు ఉండాల్సింది ఒకచోట నాలుగంగుళాలు ఉంటే, కింద మొరంలో ఇవ్వాల్సిన వాలును ఇసుకతో సర్దారన్నమాట. అలాంటి ఇసుక తర్వాత కుంగుతుంది. ఈ ఒక్క ఫొటో మీ కేసుకు చాలా బలం.

కొటేషన్‌లో వాలు మాట లేదని కంగారు పడకండి. బయటి నేలకు నీరు పోయే వాలు ఇవ్వడం ఆ పనిలో భాగమే. కాకపోతే ఒకటి చూసుకోండి. మీ వీధి రోడ్డు మీద తారు మీద తారు వేసి వాకిలి కన్నా ఎత్తయిందా? అయితే ‘దించడానికి చోటే లేదు’ అంటాడు. రోడ్డు మట్టం, మురికి కాలువ అడుగు మట్టం కూడా కొలిపించండి. కాలువ అడుగు పల్లంగా ఉంటే ఆ వాదన అక్కడే ఆగుతుంది.

నాలుగు బకెట్ల నీళ్లు పోసి చూడకుండా చివరి పైసా ఇచ్చేయడం మీ పొరపాటు. చుట్టమని చీటీ తీసుకోలేదనుకుంటాను. యూపీఐ చెల్లింపుల స్టేట్‌మెంటు బ్యాంకులో తీసుకోండి. వాట్సాప్ సంభాషణలకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ (అవి అసలైనవేనని ధ్రువీకరించే పత్రం) జతచేయాలి, వాటిని ఫోన్‌లోంచి తుడిచేయకండి. తెలుగులో రాసిన కాగితం ఏదున్నా ఇంగ్లీషు అనువాదంతో కలిపి ఇవ్వండి.

మేస్త్రీ చెప్పిన కన్నం మాత్రం పెట్టకండి. బరంపురం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోది, అందుకే పక్కపక్క స్థలాల మధ్య నీరు, దారి వంటి హక్కులను చెప్పే ఈజ్‌మెంట్స్ చట్టం, 1882 అక్కడ వర్తిస్తూ వచ్చింది. పైనున్న నేలమీద పడిన వాన సహజంగా కిందికి పారితే కింది యజమాని అడ్డుకోలేడని సెక్షన్ 7 చెబుతుంది. మీరు చేయబోయేది అది కాదు. వాకిలంతా బ్లాకులు పరిచి, నీళ్లన్నీ ఒకచోట చేర్చి, నాలుగంగుళాల పైపుతో పక్కవాడి స్థలంలో పోయడం. ఈరోజు అది ఖాళీ స్థలం, రేపు ఆయన పునాది తవ్వుతాడు. పైపు మూయించమని దావా వేస్తే అప్పుడు ప్రతివాది మీరే. పైగా అది కొనసాగే తప్పు కాబట్టి ఆయనకు ప్రతి వానా కొత్త గడువు తెస్తుంది. మీకున్నదేమో రెండేళ్లే.

కొలతలు పూర్తయ్యేదాకా బ్లాకులు మొత్తం పీకించకండి, రుజువంతా వాటి కిందే ఉంది. అలాగని కేసు తేలేదాకా గోడను నాననివ్వకండి. నష్టం పెరగకుండా మీరేం చేశారని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 అడుగుతుంది. వరుస ఇలా ఉండాలి: కొలతలు, వెంటనే స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు, జవాబు లేకపోతే ఇద్దరు వేరే కాంట్రాక్టర్ల దగ్గర కొటేషన్లు, ఆపై మరమ్మతు. బ్లాకులు మళ్లీ వాడుకోవచ్చు, ఇసుక పనికిరాదు. అంత ఖర్చు పెట్టలేకపోతే గోడకు సమాంతరంగా ఆరంగుళాల జాలీ కాలువ తీసి, నూరుకి ఒకటి వాలుతో పూడిక ఆగే చిన్న తొట్టి దాకా, అక్కడినుంచి మురికి కాలువలోకి పంపండి. బిల్లులు దాచండి, ఫిర్యాదులో అడిగే మొత్తానికి అవే లెక్క.

ఫిర్యాదు గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. కాంట్రాక్టరు ఎక్కడున్నా మీరు ఉండేచోటే వేయవచ్చు. మీరు అతనికి చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అతను కొలతలు ఒప్పుకోనంటే ఇంజినీరును, స్థలం చూసి నివేదిక ఇచ్చే కమిషనర్‌గా పంపమని అక్కడే దరఖాస్తు పెట్టండి.