బండి బాగోగులు: ఉప్పుగాలికి ఏ కోటింగ్ ఆగుతాది?

ప్రశ్న: నమస్తే సార్. మాది నౌపడ పక్కన ఊరు. నా థార్ వారంలో సగం రోజులు ఉప్పు మడుల గట్ల మీదే తిరుగుతాది, ఆదివారం వస్తే కుర్రాళ్ళం మందస మీంచి మహేంద్రగిరి వైపు కొండలెక్కుతాం. ఇప్పుడు టెక్కలిలో వెల్డర్ దగ్గర ఇనప రాక్ స్లైడర్లు (డోర్ల కింద రాయి దెబ్బ కాసే పైపులు), ఇంజన్ కింద స్కిడ్ ప్లేటు, వెనక బంపరు కొత్తగా చేయిస్తున్నా. పౌడర్ కోటింగ్ అని ఒకడు, గాల్వనైజింగ్ అని ఒకడు, బెడ్‌లైనర్ (పికప్ తొట్టికి కొట్టే మందం పూత) కొట్టించెయ్ రాయి తగిలినా ఏటీ అవ్వదని ఇంకొకడు అంటన్నారు. ఏది వేయిస్తే మళ్ళీ తిరిగి చూసుకోనక్కర్లేదు?
(సంతబొమ్మాళి మండలం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తిరిగి చూసుకోనక్కర్లేని కోటింగ్ ఇంకా పుట్టలేదు బాబూ, అదీ నౌపడలో అయితే అసలే లేదు. మీవాళ్ళు చెప్పిన మూడూ మంచివే, కాకపోతే మూడు పార్టులకీ ఒకటే వేయించేద్దాం అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. స్లైడర్ పెట్టించుకునేదే రాయి మీద రాసుకోడానికి, స్కిడ్ ప్లేటూ అంతే, వెనక బంపరు మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు దేనికైనా తగులుద్దేమో. కాబట్టి ముందు ఆ పార్టు ఏ దెబ్బలు తింటాదో చూసి అప్పుడు కోటింగ్ అనుకోవాలి.

పౌడర్ కోటింగ్ సంగతి ముందు చెప్తా, అందరూ దాని వెనకే పడుతున్నారు కాబట్టి. పొడిని కరెంటు చార్జితో ఇనుముకి అంటించి ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు, మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్ల మందం వస్తాది, చూడ్డానికి కంపెనీ ఫినిష్‌లా ఉంటాది, ఎండకి ఆగాలంటే పాలిస్టర్ పౌడర్ అడగాలి ఎందుకంటే ఉత్త ఎపాక్సీ పౌడర్ తుప్పుకి బాగా ఆగినా ఎండలో తెల్లగా సున్నం పట్టినట్టు అయిపోద్ది. దీని జబ్బు ఏంటంటే ఒక్కసారి రాయి గీసి ఇనుము బయటపడిందంటే ఉప్పు తడి ఆ గీతలోంచి పొర కిందకి పాకుతూ పోద్ది, పైన నల్లగా నిగనిగలాడుతూనే ఉంటాది, గోరుతో లేపితే పెచ్చు పెచ్చుగా వచ్చేస్తాది. దాన్ని ఇంట్లో కూర్చుని టచప్ చేసుకోలేరు, మొత్తం గీకించి మళ్ళీ ఓవెన్‌కి పంపాల్సిందే. అందుకని స్లైడర్లకి నేను పౌడర్ చెప్పను. బంపరుకి వేయించుకోండి, కింద జింక్ ఎక్కువున్న ప్రైమర్ కోటు వేయమని గట్టిగా అడిగి మరీ.

స్లైడర్లకి నా ఓటు హాట్ డిప్ గాల్వనైజింగ్‌కే. 450 డిగ్రీల దగ్గర కరిగిన జింక్ తొట్టిలో ఇనుముని ముంచి తీస్తారు, కరెంటు స్తంభాలకి, హైవే పక్కన క్రాష్ బ్యారియర్లకి ఉండే బూడిద రంగు అదే. గీత పడ్డా పక్కనున్న జింక్ ముందు తాను కరిగిపోతూ ఇనుముని కొంతకాలం కాస్తాది, మామూలు పెయింటుకీ పౌడర్‌కీ ఈ గుణం లేదు. ఇంకో పెద్ద లాభం, జింక్ పైపు లోపలికీ వెళ్తాది. స్లైడర్లని తుప్పు చాలావరకు బయటనుంచి కాదు లోపల్నుంచే తినేస్తాది, బయట ఎంత పెయింటు కొట్టినా పైపు లోపల ఉప్పునీళ్ళు నిలబడితే ఎవడికి కనపడుద్ది చెప్పండి.

అయితే వెల్డర్‌కి ముందే చెప్పాల్సినవి ఉన్నాయి. పైపు రెండు చివర్లా మూసేసి పంపకూడదు, లోపల చిక్కుకున్న తడీ గాలీ ఆ వేడికి పేలిపోయే ప్రమాదం ఉంది, గాలిపోవడానికీ జింక్ కారడానికీ బొక్కలు పెట్టాలి, ఆ బొక్కలే తర్వాత నీళ్ళు కారడానికి పనికొస్తాయి. డ్రిల్లింగూ వెల్డింగూ అన్నీ అయిపోయాకే తొట్టికి పంపాలి, తర్వాత గాల్వనైజ్ అయిన దాని మీద వెల్డింగ్ పెడితే ఆ పొగ పీల్చినోడికి రాత్రికి చలిజ్వరం వస్తాది, పైగా ఆ చోట జింక్ పోద్ది. పల్చటి రేకు అయితే వేడికి వంకర తిరుగుద్ది, స్లైడర్ లాంటి మందం ఇనుముకి ఆ భయం తక్కువ. దగ్గర్లో దొరక్కపోతే విశాఖ పారిశ్రామికవాడల వైపు అడిగి చూడండి, బరువు లెక్కన తీసుకుంటారు కాబట్టి నలుగురు కలిసి పంపితే కిట్టుబాటు అవుద్ది. పైన నల్లరంగు కావాలంటే గాల్వనైజింగ్ మీద పట్టే ప్రైమర్ కొట్టి మామూలు నలుపు వేసుకోండి, గీత పడితే డబ్బా స్ప్రే తెచ్చి మీరే కొట్టుకోవచ్చు. ఉప్పు దగ్గర జింక్ కూడా తొందరగానే అరుగుద్ది కాబట్టి ఈ పైకోటు ఒట్టి అందానికే అనుకోవద్దు.

అంత దూరం ఒగ్గెయ్ అనుకుంటే, శాండ్ బ్లాస్టింగ్ చేయించి అదే రోజు జింక్ ఎపాక్సీ ప్రైమర్, పైన రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ (పాలీయురేథేన్) పెయింటు. అదే రోజు అని ఎందుకన్నానంటే సముద్రం గాలికి బ్లాస్ట్ చేసిన ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబారుద్ది. మన దగ్గర అలవాటేంటంటే వెల్డింగ్ అవ్వగానే దుమ్మూ స్లాగూ అలాగే ఉండగా రెడ్ ఆక్సైడ్ ఒక చెయ్యి లాగేసి వారం పాటు షెడ్ బయట పడేస్తారు, ఆ తర్వాత ఎంత ఖరీదైన కోటింగ్ వేసినా అది తుప్పు మీద వేసినట్టే. పదునైన అంచులు గ్రైండర్‌తో గుండ్రంగా చేయించండి, పదును దగ్గర ఏ పెయింటైనా పల్చబడిపోద్ది, తుప్పు మొదలయ్యేది అక్కడే.

స్కిడ్ ప్లేటుకి మామూలు పెయింటు చాలు, నిజంగా. మొదటి కొండకే గీసుకుపోద్ది, గీసుకుపోవడమే దాని ఉద్యోగం. మందం ప్లేటు వాడి, నీళ్ళూ మట్టీ జారిపోయేలా బొక్కలు పెట్టించి, వర్షాకాలం ముందోసారి తర్వాతోసారి విప్పి వైర్ బ్రష్ కొట్టి రంగు వేసుకోండి. బెడ్‌లైనర్ మాత్రం అక్కడ వద్దు. అది పికప్ తొట్లో సరుకు రాసుకునే చోట బ్రహ్మాండం, కానీ మందంగా ఉంటాది కాబట్టి కింద తుప్పు పట్టినా బయటకి తెలీనివ్వదు, తెలిసే నాటికి ఇనుము జల్లెడ.

కోటింగ్ ఏదైనా మడుల నుంచి రాగానే మంచినీళ్ళతో బండి కింద భాగం కడగడం మానొద్దు. షాపువాడు మాది అయిదొందల గంటలు సాల్ట్ స్ప్రే పాసైంది అంటే అది 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పునీళ్ళ మంచు కొట్టే పరీక్ష, ఆ గంటల్ని నౌపడలో సంవత్సరాలుగా మార్చే లెక్క ఎవడి దగ్గరా లేదు.

అన్నట్టు ముందు బుల్‌బార్ (బంపరు ముందు బిగించే ఇనప గార్డు) అడగలేదు, సంతోషం. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిమీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, పైగా ఎయిర్‌బ్యాగులున్న బండికి అది మంచిది కాదు. బంపరు మార్చే ముందు కూడా ఆర్టీవో ఆఫీసులో ఓ మాట అడగండి.

ప్రశ్న: అన్నా, మాది గజపతినగరం. బొలెరో క్యాంపర్ సస్పెన్షన్ బోల్టులు తుప్పు పట్టేసినాయి. తుప్పు గొడవ లేకుండా స్టీలు బోల్టులు వేసేద్దామా, లేక పాతవే జింక్ ప్లేటింగ్ చేయించాలా?

జవాబు: రెండూ వద్దు తమ్ముడూ. బజార్లో దొరికే స్టెయిన్‌లెస్ బోల్టు తల మీద ఎక్కువగా ఏ2-70 అని ఉంటాది, అంటే దాని బలం 700 మెగాపాస్కల్. సస్పెన్షన్‌లో ఉండే 10.9 గ్రేడు బోల్టు బలం 1000 మెగాపాస్కల్. మెరుస్తోంది కదా అని వేస్తే గుంతలో పడ్డప్పుడు సాగిపోద్ది లేదా తెగిపోద్ది. ఇక ప్లేటింగ్ అంటే, 10.9 లాంటి గట్టి బోల్టుకి యాసిడ్ కడుగుడూ కరెంటు ప్లేటింగూ చేసేటప్పుడు హైడ్రోజన్ ఉక్కు లోపలికి దూరి పెళుసు చేసే ప్రమాదం ఉంది, దాన్ని పోగొట్టడానికి వెంటనే గంటలకొద్దీ ఓవెన్‌లో పెట్టాలి, చిన్న షాపుల్లో ఆ ఓపిక ఎవరికుంది? అలాంటి బోల్టు బిగించినప్పుడు బాగానే ఉంటాది, రెండు మూడు రోజులకి నిలబడ్డ బండిలోనే టప్‌మని తెగొచ్చు. కంపెనీ బోల్టులే అదే గ్రేడువి కొత్తవి కొనండి, జింక్ ఫ్లేక్ కోటింగ్‌వి (కరెంటు ప్లేటింగ్ లేకుండా సన్నటి జింక్ రేకుల పూత వేసినవి) దొరికితే ఇంకా మంచిది, అందులో ఈ హైడ్రోజన్ గొడవ ఉండదు. అన్నిటికంటే బోల్టుల దగ్గర పీనాసితనం చెయ్యొద్దు.

ప్రశ్న: టిప్పర్ చాసిస్‌కి, కమాన్లకి కాలిన ఇంజనాయిల్ పూస్తే తుప్పు పట్టదంటారు, నిజమేనా? (టెక్కలి)

జవాబు: కొన్నాళ్ళు పట్టదు, నిజమే. కానీ క్వారీ దుమ్ము దానికే అతుక్కుని గట్టి ముద్ద అయిపోద్ది, రబ్బరు బుష్‌లు ఉబ్బి మెత్తబడతాయి, బ్రేకు డ్రమ్ముల వైపు కారితే ఇక చెప్పక్కర్లేదు, మిగిలింది వానకి కారి గెడ్డలోకి పోద్ది. చాసిస్‌కి వ్యాక్స్ రకం అండర్‌బాడీ స్ప్రే కొట్టించండి. కమాన్ పట్టీల మధ్య పౌడరూ వద్దు పెయింటూ వద్దు, విప్పినప్పుడు శుభ్రం చేసి గ్రాఫైట్ గ్రీజు పెట్టండి.

ప్రశ్న: ఇనప చక్రాలు పౌడర్ కోటింగ్ చేయించాను, వీల్ నట్లు మాటిమాటికీ లూజవుతున్నాయి, ఎందుకు? (భోగాపురం)

జవాబు: నట్టు కూర్చునే చోట కూడా పౌడర్ పడి ఉంటాది, అదీ హబ్‌కి ఆనే వెనకవైపు కూడానేమో చూడండి. బండి నడిచేకొద్దీ ఆ పొర నలిగి అణిగిపోయి బిగువు పోతోంది. బండి తీయడం ఆపి ముందు చక్రాలు విప్పి ఆ రెండు చోట్లా కోటింగ్ ఇనుము వరకు తీయించండి, నట్లనీ స్టడ్లనీ ఒకసారి పరీక్షగా చూడండి, లూజు మీద తిరిగి ఉంటే మరలు దెబ్బతిని ఉంటాయి, అలాంటివి మార్చెయ్యాల్సిందే. టార్క్ రెంచితో కంపెనీ చెప్పినంత బిగించి ఒక యాభై వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చెక్ చెయ్యండి.